చేను నడుమ బండ

పులివెందులలో చెనిక్కాయల మండీ నడిపే అబ్దుల్ సలాం మచ్చు చూడకుండా ఏ సరుకూ కొనడు. బస్తా మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న కాయలు గుప్పెడు తీసి, బొటనవేలితో చిట్లించి, గింజను పంటికింద వేసుకున్న తర్వాతే ధర మాట్లాడతాడు. పైన పరిచిన కాయలు ఎంత నిగనిగలాడినా వాటి వంక చూడడు. అటువంటి మనిషి ఒక్క సరుకును మాత్రం మచ్చు చూడకుండానే మోస్తూ వచ్చాడు. అది మద్రాసు లా కాలేజీలో చదువుతున్న కొడుకు అలీ అహ్మద్.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఎండాకాలం అలీ సెలవులకు ఇంటికి వచ్చాడు. పొద్దున పుస్తకం పట్టుకోవడం, మధ్యాహ్నం తల్లి వండిపెట్టింది తిని పడుకోవడం, సాయంత్రం తెల్లచొక్కా తొడుక్కుని బస్టాండు దాకా పోయి రావడం. కొన్నాళ్లు ఓర్చుకున్నాడు అబ్దుల్ సలాం.

"రేయ్ అలీ, ఆ పుస్తకం రాసినోళ్లు ఎప్పుడన్నా కోర్టు మెట్లెక్కినారా?"

"ఎక్కకుండా ఎట్ల రాస్తారు అబ్బాజాన్?"

"చెనిక్కాయ మీద పుస్తకం రాసినాయన మన మండీకొస్తే, బస్తాలు కుట్టేదానికి కూడా పెట్టుకోను నేను. పొద్దుటూరు పో. కోనేటిరావు దగ్గర కూర్చో, ఈ సెలవులు అయిపోయేదాకా."

వంటింట్లో నుంచి భార్య అఖ్తర్ బీ తొంగి చూసింది. "ఏం జీ, బిడ్డ ఇంట్లో ఉండేదే నాలుగు దినాలు. ఈ ఎండల్లో తోలుతావా వాణ్ణి?"

"నీ బిడ్డేమన్నా మంచుగడ్డనా, కరిగిపోయేదానికి?"

కోనేటిరావు ప్రొద్దుటూరులో పేరున్న వకీలు. మండీ తగాదాలు వచ్చినప్పుడల్లా అబ్దుల్ సలాం ఆయన దగ్గరికే పోయేవాడు. ఎండాకాలం సివిలు కోర్టులు మూసేస్తారు కాబట్టి ఆఫీసులో తీరిక ఎక్కువ. తీరిక ఉన్న ఉస్తాదు దగ్గరే పని బాగా పట్టుబడుతుందని అబ్దుల్ సలాం లెక్క.

ఆ లెక్క తప్పలేదు. నూనె మిల్లుల పని మీద ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా వకీలు ఆఫీసు అరుగు మీద కాసేపు కూర్చుని కొడుకును అడిగేవాడు, "ఏం నేర్చుకుంటివి?" అని. అలీ చెప్పేవాడు. అర్జీలో మొదటి పేరాలోనే గొంతు చించుకోకూడదని నేర్చుకున్నాడు. ఏడ్చుకుంటూ వచ్చిన మనిషికి ముందు నీళ్లిచ్చి తర్వాత మాట అడగాలని నేర్చుకున్నాడు. కక్షిదారు మొట్టమొదట చెప్పేది తన కోపమనీ, అసలు సంగతి లేచి పోయేటప్పుడు గడప దగ్గర చెబుతాడనీ నేర్చుకున్నాడు. ఈ చివరిది విన్నప్పుడు అబ్దుల్ సలాం మనసు నిండింది. బేరంలో కూడా అంతే. లేచి పోయేవాడు చెప్పిన ధరే అసలు ధర. సరుకు మంచిదేనని అనుకున్నాడు. ఇక కాటా ఎక్కించి చూడాలి.

కాటా ఎక్కించే అవకాశం సారమ్మ రూపంలో వచ్చింది.

సారమ్మది ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక పల్లె. మిషను కాలం నాటి క్రైస్తవ కుటుంబం. భర్త వెంకటయ్య బతికున్నన్నాళ్లు అబ్దుల్ సలాం మండీకి బండి తోలాడు. ఊరి పక్కన రాళ్ల నేలను గడ్డపారతో పెళ్లగించి, చేను చేసి, ఏటా చెనిక్కాయ వేసేవాడు. ఆయన పోయిన తర్వాత సారమ్మ ఆ చేను వదల్లేదు. కూతురిని దువ్వూరుకిచ్చి ఒంటరిగానే చేసుకుంటూ, పండిన కాయను ఈ మండీకే తెచ్చేది. ఆ ఏడు వానలకు ముందే పక్క పట్టాదారు ఓబుళరెడ్డి, అది తన పట్టాలోని నేలేనంటూ మడకలు తోలించి దున్నించబోయాడు. సారమ్మ మడకకు అడ్డంగా పడుకుంది. కొట్లాట అవుతుందని పోలీసులు రాసి పంపితే, ఆ చేను ఎవరి చేతిలో ఉందో తేల్చడానికి జమ్మలమడుగు మేజిస్ట్రేటు కచేరీలో విచారణ పెట్టారు. సెలవులతో పని లేని కచేరీ అది. పట్టా మాట తర్వాత. ఇప్పుడు దున్నుకుంటున్నది ఎవరన్నదే అక్కడి ప్రశ్న.

సారమ్మ మండీకి వచ్చిన రోజు ఆమె వెంట చర్చి ఉపదేశి నతానియేలు కూడా వచ్చాడు.

"ఓబుళరెడ్డితో మాట్లాడినా సాయిబూ," అన్నాడు నతానియేలు. "సగం చేను ఇడిసిపెడతానంటాండాడు. నడుమ బండ ఉంది గదా, అది హద్దు. బండకు ఈ తట్టు సారమ్మది, ఆ తట్టు ఆయనది. కాగితం రాసిస్తాడంట."

"ఏం బండ?" అన్నాడు అబ్దుల్ సలాం.

సారమ్మ అందుకుంది. "మా ఆయన మడక కట్టిన తొలి ఏడే అడ్డమొచ్చె సాయిబూ. పండుకున్న గొర్రె మాదిరి ఉంటాది. గడారి ఇరిగిపోయెగానీ అది కదల్లే. సరేలే ఉండనీ అని మడకను దాని చుట్టూ తిప్పేటోడు. తిప్పి తిప్పి ఎద్దులకే అలవాటయిపోయె. ఈయన పలక్కపోయినా ఆడికి రాంగనే వాటంతటవే పక్కకు తిరిగేవి. మా పాపను ఆ బండ నీడన గుడ్డేసి పండుకోబెట్టి నేను కలుపు తీసినా. ఒకనాడు లేచి చూస్తే పాప లేదు! గుండె జారిపోయె. చూస్తే బండెక్కి కూర్చోని ఉండాది, గొర్రెను తోలినట్ల 'హేయ్ హేయ్' అంటాండాది..."

ఆమె నవ్వింది. అబ్దుల్ సలాం నవ్వలేదు. ఆయనకు బస్తా అడుగుకు చెయ్యి చేరినట్టయింది. ఎద్దులు వాటంతటవే తిరిగేవన్న మాట ఆ చేను దున్ననివాళ్ల నోట రాదు. ఇంతకంటే మచ్చు ఏం కావాలి?

"సగమెందుకు?" అన్నాడు. "అంతా నీదయినప్పుడు సగానికి ఒప్పుకునేదెందుకు సారమ్మా? కోనేటిరావు పట్టుకుంటాడు కేసు. నా కొడుకు ఆడనే ఉండాడు."

నతానియేలు నసిగాడు. "కోర్టంటే ఎట్ల తిరుగుతాదో తెల్దు గదా సాయిబూ. సగమంటే చేతిలో ఉండాది..."

"ఉపదేశిగారూ, మీరు వాక్యం చెప్పండి. బేరం నాకు ఇడిసిపెట్టండి."

సారమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. ఉపదేశి ఆదివారం మనిషి. సాయిబు ఏటా తన కాయను తూచిన మనిషి. ఒక్కనాడూ తూకంలో మోసం చెయ్యలేదు. "సాయిబు చెప్పినట్లే కానీ," అంది.

కోనేటిరావు కేసు పట్టాడు. సారమ్మ చెప్పిందంతా ఒకసారి విని తల ఊపాడు. ఆ వారంలోనే అనంతపురంలో ఆయన చెల్లెలి కూతురి పెండ్లి. పోతూ పోతూ అలీతో, "ఆమెకు కోర్టంటే భయం పోయేటట్టు మాట్లాడిస్తూ ఉండు. నువ్వు విను, అంతే," అని చెప్పి బస్సెక్కాడు.

వినడం అలీకి పని అనిపించలేదు. ఇరవై రెండేళ్ల వాడికి మొట్టమొదటిసారి ఒక మనిషి, ఒక చేను, ఒక కేసు చేతికి వచ్చాయి. ఆమె తూర్పు హద్దు అడిగితే కూతురి కాన్పు చెప్పేది. ఏ ఏడు కంచె వేశారంటే మిడతలు వచ్చిన ఏడు అనేది. ఈ మాటలు పట్టుకుని ఎదుటి వకీలు ఆమెను ఆడుకుంటాడని అలీ భయపడ్డాడు. అందుకని కూర్చుని, ఆమె చెప్పిన నిజాన్నంతా వరుసలో పెట్టాడు. పేరు, భర్త పేరు, నాలుగు హద్దులు, దుక్కి, విత్తు, కోత, కంచె. ఒక్క అబద్ధం కలపలేదు. తీసేసినవే ఉన్నాయి గానీ చేర్చింది ఏదీ లేదు.

సారమ్మకు చదువు రాదు. కానీ చిన్ననాటి నుంచి చర్చిలో వాక్యాలు కంఠతా పట్టిన మనిషి. "కీర్తనయితే నాకు ఒక్క పొద్దులో వచ్చేస్తాది నాయనా. నువ్వు చదువు, నేను పట్టుకుంటా," అంది. అతను చదివాడు, ఆమె పట్టుకుంది.

అబ్దుల్ సలాం ఆ మధ్యలో ఒకసారి ప్రొద్దుటూరు పోయాడు. అరుగు మీద సారమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించుకుని, చర్చిలో వాక్యం చెప్పే రాగంలో, "నేను కీర్తిశేషులైన వెంకటయ్య గారి భార్యను. సదరు చేనుకు తూర్పున వంక, పడమర బండ్లబాట..." అని అందుకుని ఎక్కడా ఆగకుండా, "నేటి వరకు నిరాటంకముగా నా స్వాధీనములోనే ఉన్నది," అన్నంత వరకు చెప్పి కళ్లు తెరిచింది. పరీక్ష నెగ్గిన పిల్లలా నవ్వింది.

"బాగా పట్టించినావే!" అన్నాడు అబ్దుల్ సలాం కొడుకుతో. తర్వాత చెవి గోక్కున్నాడు. "బండ ఏదిరా? ఎద్దులు తిరిగేది, అది చెప్పలేదే?"

"అవన్నీ కథలు అబ్బాజాన్. కోర్టుకు అక్కర్లేదు. గొర్రెని, పాపని, ఎద్దుల్ని తెస్తే మేజిస్ట్రేటు నవ్వుతాడు. ఆ మాట ఎత్తొద్దని గట్టిగా చెప్పినా."

అబ్దుల్ సలాంకు ఎక్కడో గుచ్చుకుంది. తాను నమ్మి కేసు పట్టించింది ఆ మాట విని కదా అనుకున్నాడు. కానీ చెనిక్కాయ సంగతి తనకు తెలిసినట్టు కోర్టు సంగతి వాడికి తెలిసి ఉంటుంది. చదివించింది అందుకే. చెప్పులు తొడుక్కుని బస్సుకు పోయాడు.

విచారణ రోజు జమ్మలమడుగు కచేరీ వరండా నిండా మనుషులు. కోనేటిరావు పెండ్లి నుంచి నేరుగా వచ్చాడు, వేళ్లకు పసుపు ఇంకా పోలేదు. అబ్దుల్ సలాం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సారమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని బోనెక్కింది. ప్రమాణం చేసింది. కోనేటిరావు, "చెప్పమ్మా, ఆ చేను సంగతి," అన్నాడో లేదో, ఆమె చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

మొదటి మాటకే కోనేటిరావు తల చటుక్కున అలీ వైపు తిరిగింది. ఆపబోయాడు కానీ ఆమె ఆగే రాగంలో లేదు. నిరాటంకముగా దాకా వచ్చి కళ్లు తెరిచింది.

ఓబుళరెడ్డి వకీలు నింపాదిగా లేచాడు. "శానా బాగా చెప్పినావు తల్లీ. ఆ కంచె ఎవరు వేసినారు?"

కంచె సంగతి నడుమ వస్తుంది. నడుమ నుంచి అందుకోవడం ఆమెకు తెలియదు. కళ్లు మూసుకుని, "నేను కీర్తిశేషులైన వెంకటయ్య గారి భార్యను..." అని మొదలు పెట్టింది. గుమాస్తాలు ముసిముసిగా నవ్వారు.

"విత్తనం ఎప్పుడు వేస్తివమ్మా?"

"నేను కీర్తిశేషులైన..."

"సాల్లే తల్లీ, సాల్లే! ఆమెన్ అనండప్పా ఎవరన్నా, ప్రార్థన అయిపోయింది!" కచేరీ అంతా ఘొల్లుమంది. సారమ్మకు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాక, తానూ కొంచెం నవ్వింది. వకీలు గొంతు తగ్గించాడు. "ఒక్కటే చెప్పు. నీ చేనంటాండావు గదా. చేను నడుమ ఏముండాది?"

అబ్దుల్ సలాం గోడ వదిలి ముందుకు వంగాడు. చెప్పు తల్లీ అని పెదవుల మీదే అనుకున్నాడు. గొర్రె మాదిరి బండ అని చెప్పు. ఎద్దులని చెప్పు.

సారమ్మ నోరు తెరిచింది. మాట నాలుక దాకా వచ్చింది, ఆయనకు కనబడింది. అప్పుడు ఆమె తల తిప్పి, మూలన నిలబడ్డ అలీ అహ్మద్ వైపు చూసింది. చెప్పనా అన్నట్టు చూసింది. కచేరీ అంతా ఇటే చూస్తున్నదని అలీకి తెలుసు. తల ఆడించడానికి కూడా భయపడ్డాడు. ఆమె నోరు మూసుకుంది.

మేజిస్ట్రేటు కూడా ఆ చూపు వెంటే మూల దాకా చూశాడు. చూసి, ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇక కోనేటిరావు లేచి అడిగి చెప్పించినా అది ఎవరో నేర్పిన మాటే అవుతుంది.

తర్వాత ఓబుళరెడ్డి పాలేరు ఒకడు బోనెక్కి, కాళ్లు మార్చి మార్చి నిలబడి, తల గోక్కుంటూ, "నడుమ బండ ఉండాది దొరా. ఆ బండకు తగిలి మా మడక ఇరిగిపాయె మొన్న," అన్నాడు. మొన్న అన్నది, అంటే ఆ చేనికి వాళ్ల మడక కొత్తన్నది, ఎవరూ పట్టించుకోలేదు. బండ ఉందని వాడు చెప్పాడు, ఆమె చెప్పలేదు.

చేను ఓబుళరెడ్డి స్వాధీనంలో ఉన్నదని తీర్పు వచ్చింది. కాదనుకుంటే సారమ్మ సివిలు కోర్టుకు పోవచ్చునని కూడా అందులో ఉంది.

వరండాలో కోనేటిరావు అలీని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అబ్దుల్ సలాంకు అనిపించింది. ఆయన వేళ్ల పసుపు తుడుచుకుంటూ అన్నాడు: "నేను ఇదే పాఠం కమలాపురంలో నేర్చుకున్నాను సలాం. ఒక ముసలాయన ఇల్లు పోయింది. పుస్తకంలో ఉండదు ఇది. ప్రతి వకీలూ ఎవరిదో ఒకరిది పోగొట్టే నేర్చుకుంటాడు. ఇంక మీవాడు సాక్షిని దిద్దడు, ఎప్పటికీ."

అది నిజమే. కానీ ఆ పాఠానికి చెల్లించినది ఏ కాలేజీలోనూ చేరని మనిషి. అబ్దుల్ సలాం జీవితమంతా చేసిన బేరాల్లో నష్టం తనదయినా, ఎదుటివాడిదయినా, ఇద్దరూ బేరానికి కూర్చున్నవాళ్లే. ఇక్కడ సగం చేను ఆమె చేతిలో పెట్టబోతుంటే వద్దని లాగేసినవాడు తాను. పెట్టుబడి ఆమెది, ధైర్యం తనది.

సివిలు దావా వేయిస్తాననీ, ఖర్చంతా తాను చూసుకుంటాననీ ఆ దినమే చెప్పాడు. సారమ్మ తల అడ్డంగా ఊపింది. "మళ్లా ఇంకోటి కంఠతా పట్టేదానికి నాకు ఓపిక లేదు సాయిబూ. నీ మండీలో ఏమన్నా పని ఉంటే చెప్పు."

అట్లా ఆమె పులివెందుల వచ్చి కాయలు ఒలిచే ఆడవాళ్ల నడుమ కూర్చుంది. చేతులు ఒలుస్తుంటే పెదవులు కదులుతుండేవి. తూర్పున వంక, పడమర బండ్లబాట. పక్కన కూర్చున్న తిరుపాలమ్మ, "ఏందక్కా, ఎప్పుడూ జపమేనా? దేవుడు కూడా బువ్వకు లేచిపోయింటాడులే," అని ఎగతాళి చేసేది.

అలీ ఇంట్లోనే ముడుచుకుని ఉండిపోయాడు. మద్రాసు పోయే ముందురోజు తండ్రి దగ్గరికి వచ్చి, "నేను ఈ చదువు మానేస్తా," అన్నాడు.

"మానేస్తే?" అన్నాడు అబ్దుల్ సలాం. "ఆమె చేను ఉత్తగనే పోయినట్ల అయితాది గదరా. ఇప్పుడు దానికి వచ్చిందంటూ ఉంటే నీకొచ్చిన బుద్ధి ఒకటే. అది కూడా పారేస్తావా?" మండీ వైపు చెయ్యి చూపించాడు. "ఆమె దగ్గరికి పో. ఇంట్లో దాక్కునేది చాలు."

అలీ పోయి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. సారమ్మ ముఖం విప్పారింది. "వస్తివా నాయనా! నీ కోసమే చూస్తాండా. ఇది విని, యాడ తప్పు పోయిందో చెప్పు," అని ఒడిలోని కాయలు పక్కన పోసి, చేతులు జోడించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. గుమ్మంలో నిలబడి అబ్దుల్ సలాం కూడా విన్నాడు.

"బండ సంగతి ఎత్తొద్దంటివి, ఎత్తలేదు. ఆయప్ప అడిగినా చెప్పలేదు. మరి యాడ తప్పె?"

అలీ నేల మీద పడ్డ కాయ ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు. "యాడా తప్పలేదమ్మా," అన్నాడు. "నువ్వు ఒక్క మాట తప్పలేదు."

"నేను అనేది అదే గదా!" అని ఆమె తిరుపాలమ్మ వైపు తిరిగింది. "ఇన్యావా? ఒక్క మాట తప్పలేదంట."

ఆ రోజుతో ఆమె పెదవులు కదలడం ఆగిపోయింది. అలీ మరుసటి రోజు ముద్దనూరులో రైలు ఎక్కాడు. స్టేషనులో తండ్రి చెయ్యి పట్టుకుని వదల్లేదు, చిన్నప్పటిలాగా.

కోతలు మొదలయ్యాయి. ఒక ఉదయం మండీ ముందు ఓబుళరెడ్డి బండ్లు ఆగాయి. పాత సరుకు అయిపోయి, కొత్తది ఇంకా రాక, ఒలిచే ఆడవాళ్లు గోడవార ఊరికే కూర్చుని ఉన్నారు. బండి మనిషి ఒక బస్తా దించాడు. అబ్దుల్ సలాం అలవాటు చొప్పున చెయ్యి దూర్చాడు. అడుగు కాయలు గుప్పెడు తీసి, వేళ్లకు అంటిన ఎర్రమన్ను చూశాడు, ఏటా సారమ్మ బస్తాల్లో చూసిన మన్నే. కాయ చిట్లించలేదు. ఆ గుప్పెడు కాటా పళ్లెంలో వేసి, "తోలుకుపో. నాకొద్దు," అన్నాడు.

"ఏమప్పా, సరుకేమన్నా చెడ్డదా?"

"సరుకు మంచిదే. నాకొద్దు. పొద్దుటూరులో శానామంది ఉండారు కొనేటోళ్లు."

బండ్లు పోయాయి. అబ్దుల్ సలాంకు ఒక బరువు దిగినట్టయింది. ఇంతకాలానికి ఆమె లెక్కలో తాను ఏదో ఒకటి జమ వేశాననుకున్నాడు. వెనక్కి తిరిగేసరికి సారమ్మ నిలబడి ఉంది.

"ఎందుకు పంపిస్తివి సాయిబూ?"

"అది నీ చేని కాయ సారమ్మా."

"తెల్సు. బస్తా దించంగనే తెల్సు. బండ పక్కన కాసే కాయ బొద్దుగా ఉంటాది, మన్ను శానా పట్టుకుంటాది." ఆమె గొంతులో కోపం లేదు. "కొనింటే మాకు ఒలిచేదానికి పని ఉండె గదా."

గోడవార ఆడవాళ్లు కొంగులు దులుపుకుని లేస్తున్నారు. ఆ రోజుకు ఇక పని లేదని వాళ్లకు తెలిసింది. ఒక్కొక్కరే పోయారు. అబ్దుల్ సలాం బండ్లు పోయిన దారి వైపు చూశాడు. పిలిస్తే వినపడే దూరం దాటిపోయాయి.

సారమ్మ పోలేదు. కాటా దగ్గరికి వచ్చి, పళ్లెంలో మిగిలిన గుప్పెడు కాయలు ఒడిలోకి తీసుకుని కూర్చుని ఒలిచింది. గింజలు ఒక పక్క, పొట్టు ఒక పక్క. ఆ రోజు మండీలో ఒలిచిన సరుకు అంతే.